రుబ్బురోళ్ళు లేపిన వంతెన

పెన్నమ్మ మొదటిసారి వంతెన తాడు పట్టుకున్న ఉదయం నేను అక్కడే ఉన్నాను. జోరుగా వాన పడుతోంది. ఎనిమిదిన్నరకల్లా కైతక్కర ఆరోగ్యకేంద్రం తలుపులు తెరవాల్సిన నర్సుని నేను. ఇల్లేమో కాలువకి ఇవతల, మణల్‌తురుత్తులో. రెండు ఊళ్ళనీ కలిపేది మా పొక్కుపాలం, లేచే వంతెన ఒక్కటే. పడవ వచ్చినప్పుడు దాని నడుమ పలక తలుపులా పైకి లేస్తుంది, పడవ దాటాక మళ్ళీ కిందికి దిగుతుంది. దాన్ని లేపాలంటే నలుగురు మగవాళ్ళు నాలుగు తాళ్ళు పట్టుకుని వెనక్కి వంగి లాగాలి. ఆ నలుగురిలో ఒకడు పెన్నమ్మ భర్త ఔసేప్పు. అంతకు పది రోజుల క్రితం తాడు జారి పలక వెనక్కి పడుతుంటే ఆపబోయాడు. నడుం దెబ్బతింది. అప్పటినుంచి మంచం మీదే ఉన్నాడు.

ఆ ఉదయం ముగ్గురే లాగుతున్నారు. పలక సగం లేచి ఆగిపోయింది. కింద ప్రయాణికుల బోటు హారన్ మీద హారన్ కొడుతోంది. పైన మేం యాభైమందిమి గొడుగుల కింద తడుస్తున్నాం. పెన్నమ్మ ఇల్లు వంతెన మొదట్లోనే. ఆమె వసారాలో నిలబడి కాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి పొయ్యి ఆర్పి వచ్చింది. నడుముకి చుట్టుకున్న ముండు పంచె ఎగగట్టి, ఖాళీగా వేలాడుతున్న నాలుగో తాడు పట్టుకుంది.

బోటులో, అందరూ 'చేట్టా', అంటే 'అన్నా' అని పిలిచే పైలిచేట్టన్ ఉన్నాడు. కైతక్కర పడవల క్లబ్బుకి కార్యదర్శి. నోరు ఊరుకోని మనిషి.

"ఏంటి పెన్నమ్మా, వంటైపోయిందా? వంతెన లాగడానికొచ్చావ్!"

"అయింది చేట్టా. మీ ఇంట్లోనే కానట్టుంది, ఇంత పొద్దున్నే బోటెక్కారు" అంది పెన్నమ్మ, తాడు లాగుతూనే.

పలక లేచింది. బోటు దాటింది. బోటులో నవ్విన నవ్వు మలుపు తిరిగేదాకా వినిపించింది. ఆ రోజు నేను గంట ఆలస్యంగా వెళ్ళి డాక్టరుగారి చేత చివాట్లు తిన్నాను. కానీ ఆ పొట్టి మనిషి అరచేతులే నా కళ్ళముందు ఆడాయి. సాయంత్రం ఔసేప్పుకి ఇంజెక్షను ఇవ్వడానికి వెళ్ళి ఆమె చేతులు తిప్పి చూశాను. ఒక్క బొబ్బ లేదు.

"తాడు కొత్తేం కాదు సిస్టరే" అంది. "వైపిన్‌లో మా నాన్నకి ఒడ్డునుంచి తాళ్ళతో లేపి దించే పెద్ద చీనావల ఉండేది. నడవడం వచ్చినప్పటినుంచీ దాని తాళ్ళే లాగాను."

ఔసేప్పు మంచం మీంచి అన్నాడు: "నేను లేచేదాకానే. తర్వాత నువ్వు మళ్ళీ తాడు ముట్టుకోనక్కర్లేదు."

అతను లేవడానికి ఏడాది పట్టింది. లేచాక కూడా ముందుకి వంగే నడిచాడు. బరువు ఎత్తొద్దని మెడికల్ కాలేజీ డాక్టరు కచ్చితంగా చెప్పాడు. ఆ తాడు పెన్నమ్మ చేతిలోనే ఉండిపోయింది.

ఐదేళ్ళు గడిచాయి. మిగిలిన ముగ్గురిలో ఒకడు పెంకుల ఫ్యాక్టరీలో చేరాడు. ఒకడికి చూపు తగ్గింది. మూడోవాడు పెళ్ళిచేసుకుని అత్తవారి ఊరు వెళ్ళిపోయాడు. కొత్తగా వచ్చినవాళ్ళు నెల తిరక్కుండానే భుజాలు పట్టుకుని మానేసేవాళ్ళు. చివరికి పెన్నమ్మ ఒక్కతే మిగిలింది. పడవ వస్తే ఆమె ఒడ్డున నిలబడి దారినపోయేవాళ్ళని కేకేసి పిలవాలి. ఎవరో ఇద్దరు ముగ్గురు సంచులు కింద పెట్టి వచ్చి చెయ్యి వేయాలి. ఒకసారి లేపి దించడానికి నలభై నిమిషాలు. అందుకని పొద్దున పూట దించి ఉంచడం, మధ్యాహ్నం లేపి ఉంచడం మొదలైంది.

అక్కడినుంచీ రెండు ఊళ్ళకీ పడకుండా పోయింది. కైతక్కరలో పడవలు కట్టే షెడ్లున్నాయి, కొబ్బరిపీచు గోదాములున్నాయి. వాళ్ళకి వంతెన లేచి ఉండాలి. మణల్‌తురుత్తులో ఇళ్ళు తప్ప ఏమీ లేవు. బడికైనా ఆసుపత్రికైనా మేం అవతలికే పోవాలి. మాకు వంతెన దిగి ఉండాలి. చేపల బజారులో కూడా "మీ ఊరివాళ్ళు", "మీ ఊరివాళ్ళు" అని దెప్పుకునేవాళ్ళు. మధ్యలో అందరి తిట్లూ తినేది పెన్నమ్మ. లేపితే ఇటువాళ్ళు, దించితే అటువాళ్ళు.

ఆ గొడవ పైకి వెళ్ళి, వంతెనలు చూసే ప్రభుత్వ ఆఫీసునుంచి ఓవర్సీయరు వచ్చాడు. కళ్ళజోడు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. పలక బరువుకి సరిపడా ఎదురుబరువు కడితే ఇద్దరు మనుషులతో పనైపోతుందన్నాడు. పెద్ద కాంక్రీటు దిమ్మ పోయించి, స్తంభాల మీదుగా గిలకలు వేసి, ఆ దిమ్మని పలకకి కట్టించాడు. లెక్క చూస్తే సబబుగానే ఉంది. మొదటిరోజు ఇద్దరు లాగితే పలక నెమ్మదిగా కదిలింది. సగం పైకి వచ్చేసరికి ఏమైందో, దిమ్మ ఒక్కసారిగా కిందికి దూకింది. పలక ఎగిరి వెళ్ళి స్తంభాలకి కొట్టుకుంది. రెండు చెక్కలు విరిగి కాలువలో పడ్డాయి. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఓవర్సీయరు ముఖం పాలిపోయింది. చర్చి ముంగిట రెండు ఊళ్ళవాళ్ళనీ కూర్చోబెట్టి చెప్పాడు: "ఈ వంతెన పాతబడిపోయింది. పడవపందేల రోజులు అయిపోగానే పలకని కిందికి దించి బోల్టులు బిగించేస్తాం. బోట్లు మలుపు దగ్గరే ఆగుతాయి. అక్కడినుంచి అందరూ నడవాలి."

కైతక్కరవాళ్ళు లేచి అరిచారు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ గోలలో వెనక వరసనుంచి పెన్నమ్మ ఏదో అంది. ఎవరికీ వినపడలేదు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి, "ఏంటి?" అని అడిగాను.

"రాళ్ళు ఒక్కొక్కటే దిగాలి" అంది.

"గట్టిగా చెప్పు" అన్నాను. ఆమె లేచి నిలబడింది.

"సారూ, మీ దిమ్మ మంచిదే. కానీ ఒకటే దిమ్మ. పలక పడుకుని ఉన్నప్పుడు చాలా బరువు. లేచేకొద్దీ బరువు తగ్గిపోతుంది. మీ దిమ్మ బరువు మాత్రం తగ్గదు. అందుకే దూకింది. మా చీనావలకి ఒకటే రాయి కట్టరు. ఒక తాడుకి వరసగా పది పన్నెండు కడతారు. వల పైకి లేస్తుంటే కింది రాయి ముందు నేలకి ఆనుతుంది, తర్వాత దానిపైది, ఆ తర్వాత ఇంకోటి. వల తేలికయ్యేకొద్దీ రాళ్ళూ తగ్గుతాయి. ఇంత చెట్టంత వలని నేనూ మా నాన్నా ఇద్దరమే లేపేవాళ్ళం."

తర్వాత పైలిచేట్టన్ లేచాడు.

"అంటే ఇప్పుడు వంతెనతో చేపలు పడతావా పెన్నమ్మా? కాస్త కరిమీన్ చేప పడితే మాకూ పంపు!"

ముంగిలంతా నవ్వులు. ఓవర్సీయరు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఒక్కో రాయి ఎంతుండాలి?" అని అడిగాడు.

"చేత్తో ఎత్తి మార్చుకునేంత. ఎక్కువైతే తీయాలి, తక్కువైతే కలపాలి కదా."

"పందేల దాకా టైముంది. చేసి చూడమ్మా. నేను మాత్రం కాగితం మీద ఏం రాయలేను" అన్నాడాయన.

అన్ని రాళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? మాది బురదనేల. గులకరాయి కావాలన్నా పడవలో రావాలి. నాలుగు రోజులు ఆలోచించింది పెన్నమ్మ. ఐదోరోజు నేను డ్యూటీకి వెళ్తుంటే మా పెరటి గోడ దగ్గర నిలబడి ఉంది. గోడవారన బోర్లా పడి ఉన్న మా రుబ్బురోలుని చూస్తోంది. రెండేళ్ళ క్రితం మిక్సీ కొన్నాం. అప్పటినుంచి అది అక్కడే పడి ఉంది.

"సిస్టరే, ఇది మీకు కావాలా?"

మా రోలుతో మొదలైంది. ఆ ఏళ్ళలోనే ఇంటింటికీ మిక్సీలు వచ్చాయి. ప్రతి పెరట్లోనూ ఒక రోలో, అరిగిపోయిన సన్నిరాయో నాచుపట్టి పడి ఉంది. పెన్నమ్మ చిన్న పడవ ఒకటి అడిగి తెచ్చుకుని, కాలువకి రెండువైపులా ఇల్లిల్లూ తిరిగింది. ఊరికి నవ్వుకోవడానికి మంచి సరుకు దొరికింది. "వంతెనకి దోసెలు పోస్తుందట" అని ఒకరు. "పచ్చడి కూడా నూరుతుందా, ఒట్టి దోసెలేనా?" అని ఇంకొకరు.

కైతక్కరలో త్రేస్యామ్మచ్చి అని ఎనభై ఏళ్ళ ముసలావిడ ఉండేది. ఆవిడ గుమ్మంలోనే అడ్డుకుంది.

"నా సన్నిరాయి అడుగుతున్నావా? అది మా అత్తగారిది. నలభై ఏళ్ళు ఆవిడ పక్కన నిలబడి 'ఇంకా మెత్తగా, ఇంకా మెత్తగా' అంటుంటే దానిమీద కొబ్బరి నూరాను. దాన్ని తీసుకెళ్ళి ఏం చేస్తావ్?"

"తాడుకి కట్టి వేలాడదీస్తానమ్మచ్చీ. పడవ వచ్చినప్పుడల్లా పైకీ కిందికీ ఆడుతుంది."

ముసలావిడ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత బోసినోటితో పకపకా నవ్వింది. "రోజంతానా? పట్టుకెళ్ళు, పట్టుకెళ్ళు! ఆవిణ్ణే వేలాడదీసినట్టుంటుంది. బాగా బిగించి కట్టు."

ఈ మాట సాయంత్రానికల్లా రెండు ఊళ్ళలోనూ పాకింది. మర్నాటినుంచి పెన్నమ్మ అడగాల్సిన పనిలేకపోయింది. కోడళ్ళు రాళ్ళు దొర్లించుకుంటూ వాళ్ళే తెచ్చి వంతెన మొదట్లో పడేశారు. కొందరు అత్తలు కూడా తెచ్చారు. వాళ్ళ అత్తలవి.

రాళ్ళకి కొబ్బరితాడుతో ఉట్లు అల్లడం ఔసేప్పు పని. గోడకి దిండు ఆనించుకుని కూర్చుని, ఆ వర్షాకాలమంతా అల్లుతూ గడిపాడు. తాడు చుట్టుకునే కొయ్యదిమ్మ, దాన్ని తిప్పడానికి చక్రం, పట్టు జారకుండా ఆపే కట్టె, ఇవన్నీ వడ్రంగి నాణు ఆశారి చేశాడు. విరిగిపోయిన పాత పడవ ఒకదాని టేకు కర్ర వాడాడు. నాణు ఆశారి మాట తక్కువ మనిషి. పైలిచేట్టన్ వచ్చి, "ఈవిడ మాట పట్టుకుని నువ్వు కూడా చెడ్డావా ఆశారీ?" అంటే, నోట్లో మేకులతోనే ఒకసారి పైకి చూసి మళ్ళీ సుత్తి అందుకున్నాడు.

మొదటి పరీక్షకి రెండు ఒడ్డులూ జనంతో నిండిపోయాయి. పలక కొసన, కైతక్కర ఒడ్డు మీద, దాన్ని పట్టి ఉంచే కొక్కెం ఒకటి ఉంటుంది. పెన్నమ్మ పలక మీదనుంచి నడిచి వెళ్ళి, వంగి ఆ కొక్కెం తీసింది.

ఆమె అడుగు ఒడ్డు మీద వేసే లోపలే పలక లేచింది. పెన్నమ్మని మోసుకుంటూ లేచింది! ఆమె పలక పక్కనున్న కమ్మీ పట్టుకుంది. కాళ్ళు గాల్లో తేలాయి. ఒక పక్క రాళ్ళు దబదబా దిగుతున్నాయి. నాణు ఆశారి కట్టె అడ్డం పెట్టి చక్రం ఆపేసరికి ఆమె కాలువకి నిలువెత్తు పైన వేలాడుతోంది. చేతులు వదిలేసి నీళ్ళలోకి దభాలున పడింది.

నీళ్ళలోంచి తల బయటికి వచ్చింది. ఈదుకుంటూ ఒడ్డుకి చేరింది. కైతక్కర ఒడ్డు విరగబడి నవ్వింది. "పెన్నమ్మా, ఎగిరే చేపని పట్టావే!" అని పైలిచేట్టన్ గొంతు అందరికంటే పైన వినిపించింది.

పెన్నమ్మ జుట్టు పిండుకుంటూ నా దగ్గరికొచ్చింది.

"సిస్టరే, ఆసుపత్రిలో తూకం మిషను ఉంది కదూ? నన్ను తూచండి."

"దెబ్బేమైనా తగిలిందా ముందు చెప్పు."

"దెబ్బ లేదు. నన్ను కూడా మోసుకెళ్ళిందంటే కనీసం నా బరువంత రాళ్ళు ఎక్కువున్నట్టే కదా? ఎంతో తెలియాలి."

అప్పటిదాకా నవ్విన ఒడ్డు ఆ మాటతో కాస్త సద్దుమణిగింది. తడిబట్టల్తోనే తూకమెక్కింది. యాభైమూడు కిలోలు. ఆ సాయంత్రం మా ఆరోగ్యకేంద్రం తూకం మీద రోగుల తర్వాత రుబ్బురోళ్ళు ఎక్కాయి. ప్రతి రాయి మీదా నేను సుద్దతో బరువు రాశాను. డాక్టరుగారు వచ్చి చూసి, "ఈ పేషెంట్లకేం జబ్బు?" అన్నారు.

తర్వాత పదిహేను రోజులు ఆమెకి వేరే లోకం లేదు. ఒక రాయి తీయడం, ఉట్టి పొడుగు పెంచడం, ఒక రాయి పైకి జరపడం, మళ్ళీ లేపి చూడడం. ఒకసారి పలక నడిమధ్యలో మొరాయించింది. ఒకసారి చివర్లో ఊగిసలాడింది. ఎడమ తాడుకి తొమ్మిది, కుడి తాడుకి తొమ్మిది, పద్దెనిమిది రాళ్ళ దగ్గర కుదిరింది. చర్చి పండుగకి ముందు గురువారం సాయంత్రం, చూసేవాళ్ళెవరూ లేని వేళ, పెన్నమ్మ చక్రానికి చెయ్యి వేసి తిప్పింది. పలక ఆవులిస్తున్నట్టు నిదానంగా లేచింది. వెనక రాళ్ళు ఒక్కొక్కటే నేలకి ఆనాయి. టప్. టప్. టప్. చివరి రాయి ఆనేసరికి పలక నిటారుగా నిలబడింది, చప్పుడు లేకుండా.

డ్యూటీ నుంచి వస్తూ నేను అవతలి ఒడ్డున చిక్కుకుపోయాను. "దించవే తల్లీ, ఇంటికి పోవాలి!" అని అరిచాను. ఒంటిచేత్తో దించింది. వంతెన దాటి నేరుగా వెళ్ళి ఆమెని కౌగిలించుకున్నాను. "ఇంకోసారి లేపనా సిస్టరే? చూస్తారా?" అంది, చిన్నపిల్లలా. ఆ సాయంత్రం పడవలేమీ లేకపోయినా ఆరుసార్లు లేపింది.

అయినా జనం నమ్మలేదు. ఒకటి రెండు రోజులు బాగా పని చేసి ఆ దిమ్మలాగే దూకుతుందన్నారు. ఓవర్సీయరు పందెం రోజు పొద్దున్నే వచ్చాడు. ఆయన సంచిలో బోల్టులు కూడా ఉన్నాయని తర్వాత తెలిసింది.

ఆ రోజు కైతక్కర చుండన్ పడవ కాయల్ అనే పెద్ద సరస్సులో పందేనికి వెళ్ళాలి. నూరుమంది తెడ్లు వేసే పడవ. దాని వెనక కొస పడగ విప్పినట్టు రెండు నిలువుల ఎత్తు లేచి ఉంటుంది. పలక లేవకపోతే అది దాటదు. అంతకుముందు ఏడాది ఈ వంతెన దగ్గరే ముప్పావుగంట ఆగి, పందెం మొదలయ్యాక చేరింది. ఆ అవమానం పైలిచేట్టన్ మర్చిపోలేదు. ఈసారి పది గంటలకి పందెం మొదలయ్యే గీత దగ్గర ఉండాలని తెల్లవారకముందే నూరుమందినీ కూర్చోబెట్టాడు.

పడవ పాట దూరంనుంచి వినిపించగానే పెన్నమ్మ చక్రం తిప్పడం మొదలుపెట్టింది. పలక సగం పైకి వచ్చింది. సరిగ్గా అప్పుడే మా వీధిలోంచి నలుగురు తలుపుచెక్క మీద ఒక మనిషిని మోసుకుంటూ పరిగెత్తుకొచ్చారు. కొబ్బరిచెట్లెక్కే పని చేసే కుట్టాయి అనే అతను. వానకి నానిన చెట్టు మీంచి జారిపడ్డాడు. తొడ ఎముక బయటికొచ్చింది. రక్తం ఆగడంలేదు. నేను దెబ్బకి పైన గుడ్డ బిగించి, చేత్తో నొక్కి పట్టుకుని పక్కనే పరిగెడుతున్నాను. ఆరోగ్యకేంద్రం జీపు అవతలి ఒడ్డున ఉంది.

"పెన్నమ్మా! దించు!" అని అరిచాను.

"దించకు!" పడవలోంచి పైలిచేట్టన్ అరిచాడు. అతనికి తలుపుచెక్క కనబడలేదు. "ముందు పడవ! ఈసారి కూడా ఆపావంటే నీ రాళ్ళన్నీ కాలువలో కలిపేస్తా!"

పెన్నమ్మ ఒక్కసారి నా వైపు, ఒక్కసారి పడవ వైపు చూసింది.

"చేట్టా, అరవకండి. తెడ్లు ఆపండి. ఇద్దర్నీ దాటిస్తా."

కట్టె తీసింది. పలక దిగింది. నేలన ఆనిన రాళ్ళు ఒక్కొక్కటే మళ్ళీ పైకి లేచాయి. పడవలో నూరుమంది తెడ్లు అడ్డంగా నీళ్ళలో గుచ్చి పడవని ఆపారు. పలక ఒడ్డుకి ఆనిందో లేదో మేం పలక మీదకి ఉరికాం. కుట్టాయి మూలుగుతున్నాడు. అవతలి ఒడ్డు మీద నా కాలు పడగానే వెనకనుంచి ఆమె గొంతు.

"దాటారా?"

"దాటాం!"

జీపులోకి ఎక్కిస్తూ వెనక్కి చూశాను. పలక అప్పటికే నిటారుగా ఉంది. దాని కిందినుంచి చుండన్ దూసుకుపోతోంది. తెడ్లు వేస్తున్నవాళ్ళు ఒక్కొక్కరే తల ఎత్తి పైకి చూస్తున్నారు. పైలిచేట్టన్ వెనక కొస మీద నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఓవర్సీయరు చేతిగడియారం పట్టుకుని ఒడ్డున నిలబడి, పక్కన ఎవరూ లేకపోయినా పైకే అన్నాడట: "దించి, మళ్ళీ లేపడానికి నాలుగు నిమిషాలు. నాలుగే."

కుట్టాయి బతికాడు. మరో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళమని డాక్టర్లన్నారు. చెట్లెక్కడం మానేశాడు గానీ, ఇప్పుడు కైతక్కర జెట్టీలో టీకొట్టు నడుపుతున్నాడు. పెన్నమ్మ ఎప్పుడు వెళ్ళినా చాయ్ అడక్కుండానే ఇస్తాడు.

చుండన్ పదికి ఐదు నిమిషాల ముందు గీత దగ్గరుంది. పందెంలో గెలిచింది. మొదట నేను నమ్మలేదు. సాయంత్రం మెడికల్ కాలేజీనుంచి తిరిగొచ్చేసరికి ఒడ్డులు రెండూ కిక్కిరిసి ఉన్నాయి. వెలుతురు ఇంకా ఉంది. పడవ మలుపు తిరిగింది. "ఆర్ప్పో... ఇర్రో ఇర్రో ఇర్రో!" అని నూరు గొంతులు. పెన్నమ్మ పలక లేపి ఉంచింది. పడవ మాత్రం దాటకుండా కింద ఆగిపోయింది. నూరుమందీ తెడ్లు నిలబెట్టి, పడవ చెక్కల మీద దబ్ దబ్ మని ఒకే తాళంలో కొట్టారు.

పైలిచేట్టన్ గొంతు సవరించుకున్నాడు. "పెన్నమ్మా, దిగి రా. పడవెక్కు. జెట్టీ దాకా వెళ్దాం."

ఆ పడవలో ఆడమనిషి ఏనాడూ కాలు పెట్టలేదు.

"నా కాళ్ళకి బురదుంది చేట్టా."

"మాకు తల దాకా ఉంది. రా!"

"వంతెన ఎవరు దించుతారు?"

"నేను దించుతా" అన్నాడు ఔసేప్పు.

వసారాలోంచి ముందుకి వంగిన నడకతో వచ్చి చక్రం దగ్గర నిలబడ్డాడు. ఆరేళ్ళుగా ఆ వంతెనని అతను లేపిందీ లేదు, దించిందీ లేదు. ఆడవాళ్ళు కొందరు దగ్గరికి రాబోతే, "జరగండి, జరగండి, పని చేసుకోనివ్వండి" అని కసిరాడు. పెన్నమ్మ పడవెక్కింది. పడవ దాటింది. ఔసేప్పు ఎడమచెయ్యి నడుం మీద పెట్టుకుని, కుడిచేత్తో పలకని నెమ్మదిగా, గాజుసామాను దించినట్టు దించాడు. నేను అతని డాక్టరు చీటీలు చదివిన మనిషిని. అయినా వద్దనలేదు.

పెన్నమ్మ పడవ మధ్యలో నిటారుగా నిలబడింది. రెండు ఊళ్ళూ కాలువ వెంట పరిగెత్తాయి. ఏ ఊరివాడు ఎవడో ఆ సాయంత్రం ఎవరికీ పట్టలేదు. త్రేస్యామ్మచ్చిని కుర్చీలో కూర్చోబెట్టి తీసుకొచ్చారు. "మా అత్తగారు ఏది? చూపించండి, ఎడమ తాడా, కుడి తాడా?" అని అందరినీ అడిగింది. ఎడమ తాడుకి మూడోది అని చూపించాక తృప్తిగా తలూపింది.

ఓవర్సీయరు సంచి విప్పకుండానే వెళ్ళిపోయాడు. నెలన్నర తర్వాత కాగితం వచ్చింది. వంతెన కాపలాదారు పెన్నమ్మ అని ఆమె పేరుమీదే. ఔసేప్పు పేరు సహాయకుడిగా. కాగితంతోపాటు ఓవర్సీయరు చేత్తో రాసిన చీటీ ఒకటి ఉంది. ఈ కాలువమీద ఇంకా నాలుగు పొక్కుపాలాలున్నాయి, వచ్చి చూడగలరా అని.

చూసింది. నాణు ఆశారినీ నన్నూ వెంటబెట్టుకుని, ప్రతి ఆదివారం బోటెక్కి వెళ్ళింది. ఒక్కో వంతెనకీ ఒక్కో తిక్క. ఒకదాని స్తంభం పక్కకి వాలింది. ఇంకోదాని గిలకలు తుప్పుపట్టాయి. చివరిది అన్నిటికన్నా మొండిది. పదకొండేళ్ళుగా దిగి, అలాగే బిగుసుకుపోయి ఉంది. ఆ ఊళ్ళో పిల్లలకి అది లేస్తుందన్న సంగతే తెలియదు. అక్కడ మూడు ఆదివారాలు పట్టింది.

నాలుగో ఆదివారం పొద్దున ఆ పలక లేచింది. పదకొండేళ్ళ తర్వాత ఆలప్పుళనుంచి బోటు ఆ దారిన వచ్చింది. బోటు నడిపేవాడికి ఎవరికి దండం పెట్టాలో తెలియక, హారన్ మీద చెయ్యి వేసి, కనుచూపు దాటేదాకా తీయలేదు. ఒడ్డున పిల్లలు చెవులు మూసుకుని గంతులు వేశారు. చక్రం దగ్గర పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతె నిలబడి ఉంది. ఆ వంతెనని ఇకమీద చూసుకోబోయేది ఆమే. మొదటిసారి తానే తిప్పింది. తన చేతుల వంక చూసుకుంటూ ఉంది.

పెన్నమ్మ అదేమీ చూడలేదు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. పక్కింటి వసారాలో కూర్చుని, ఉడికించిన కర్రపెండలం చేపల పులుసులో అద్దుకుని తింటోంది.

"అక్కా, లేచింది! చూశారా, లేచింది!" అని ఇంటావిడ పరిగెత్తుకొచ్చింది.

"లేవక ఏం చేస్తుంది?" అంది పెన్నమ్మ. "పులుసు ఇంకొంచెం వెయ్యి తల్లీ, భలే కుదిరింది."